తట్టకో గజం

మా చినదిబ్బ దారి తిట్లతో వేసింది. అబద్ధమనుకునేవాళ్ళు రేపల్లె బస్సులో వచ్చి మలుపు దగ్గర దిగి, నా సైకిలు షాపులో అడగండి. ఇప్పుడు దాని మీద కంకర పడింది. పక్కన పేర్లు చెక్కిన రాయి కూడా పాతారు. ఆ రాయి మీదున్న పెద్దమనుషుల్లో ఒక్కడు కూడా ఒక్క తట్ట మోసినవాడు కాదు. ఊరి చేత మోయించిన మనిషి పేరు మాత్రం దాని మీద లేదు. ఆ మనిషి నా భార్య పేరంటాలు.

అరవై ఆరు వేసవి సంగతి ఇది.

మా దిబ్బ సముద్రప్పాయ ఒడ్డున ఉంటుంది. ఇళ్ళ చుట్టూ ఇసక. ఇసక దాటితే తారు రోడ్డు దాకా ముప్పాతిక మైలు నల్లమట్టి. ఎండాకాలం గేదెల గిట్టల గుంటలు రాళ్ళలా గట్టిపడతాయి. ఒక్క వాన పడితే చాలు, ఆ మట్టి బంకలా చక్రానికి చుట్టుకుని మడ్‌గార్డు నిండా కూరుకుపోతుంది. అప్పుడు సైకిలు మనిషిని మోయడం మాని, మనిషే సైకిలును భుజాన వేసుకోవాలి. అందుకే మా ఊళ్ళో సైకిళ్ళున్న ఆరుగురూ వాటిని నా షాపులో వదిలి ఇళ్ళకు నడిచి పోయేవాళ్ళు. ఆడవాళ్ళయితే చేపల తట్టలు నెత్తిన పెట్టుకుని ఆ మట్టి దాటి, రోడ్డెక్కి, ఇంకో నాలుగు మైళ్ళు రేపల్లె దాకా నడవాలి. చేపల తట్టను బస్సెక్కనిచ్చిన కండక్టరు ఇంకా పుట్టలేదు.

నన్ను మూడో తరగతిలో బడి మాన్పించి పడవలో నీళ్ళు తోడటానికి పెట్టాడు మా నాన్న. ఇరవయ్యో ఏట వల తాడు కాలికి చుట్టుకుని చీలమండ నలిగిపోయింది. ఆ పడవ నాంచారయ్యది. 'కుంటోడు పడవకి బరువు' అని ఒక్క మాటతో నన్ను ఒడ్డున దింపేశాడు. బాపట్లలో రామబ్రహ్మంగారి సైకిలు షాపులో పని నేర్చుకొచ్చి, మలుపులో తాటాకు పాక వేసుకున్నాను. సముద్రం మీద బతికే కులంలో పుట్టి గాలిపంపు కొట్టుకు బతికేవాడంటే ఊరికి లోకువ. ఊరంటే నాకు మంట. నా నోటికి జడిసి గాలి కొట్టించుకోవడానికి కూడా మనిషి రెండుసార్లు ఆలోచించేవాడు.

ఆ చైత్రంలో పేరంటాలును తెనాలి ఆసుపత్రికి తీసుకుపోయాను. అప్పటికి ఏడాదిగా దాని మెడ తిరగడం లేదు. ఎవరు పిలిచినా పడవ తిరిగినట్టు ఒళ్ళంతా తిప్పి చూసేది. కుడిచేతి వేళ్ళు తిమ్మిరెక్కి ఒకరోజు రేపల్లె బజారులో తట్ట జారిపోయింది. డాక్టరు మెడ వెనక వేలు పెట్టి నొక్కి, "ఎన్నేళ్ళుగా మోస్తున్నావమ్మా?" అనడిగాడు.

"పెద్దమనిషిని కాకముందు నుంచండి."

"ఇంకో ఏడాది నెత్తిన మోస్తే ఆ చెయ్యి నీకు పనిచెయ్యదు. తర్వాత కాళ్ళు. బరువు మానెయ్యి. అంతకు మించి మందు లేదు."

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుంది. "సైకిలు ఎనకాల వడ్ల బస్తా ఏసుకుని తోసుకుంటా పోతారు గదా రైతులు," అంది.

"పోతారు. రోడ్డు మీద. మన బురదలో కాదు."

"బురద మీద ఏదన్నా పోస్తే?"

"పోస్తారులే. మొన్న ఓట్లకి ఇద్దరొచ్చి పోస్తామన్నారు. ఎవరు ముందు పోస్తారా అని చూస్తన్నా."

నా ఎత్తిపొడుపు దాని చెవిన పడలేదు. రైలు మలుపు తిరుగుతోంది. కిటికీలోంచి పట్టాల కిందికి చూస్తోంది.

"ఈ కట్ట కూడా నల్లమట్టిలోనే గదా ఉంది. ఎట్టా నిలబడిందంటావు?"

"రాయి పోశారు."

"మనకి రాయి లేదు," అంది. ఒళ్ళంతా నా వైపు తిప్పి, "గుల్ల ఉంది," అంది.

నిజమే, పాయ ఒడ్డున ఆల్చిప్పల గుల్ల దిబ్బలు దిబ్బలుగా ఉంటుంది. సున్నం కాల్చేవాళ్ళు ఏడాదికోసారి వచ్చి కొంత ఎత్తుకుపోతారు. మిగిలింది ఎవరికీ అక్కర్లేదు. అక్కర్లేకపోవడం వేరు, ముప్పాతిక మైలు మోయడం వేరు. ఊరికే రమ్మంటే మా ఊళ్ళో చావుకు కూడా ఆలోచించి వస్తారు. ఆ మాటే అన్నాను. అది నవ్వింది. ఆ నవ్వుకు అర్థం ఆదివారం దాకా నాకు తెలియలేదు.

మా కులంలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరు ఎవరిని బూతు తిట్టినా, చెయ్యి చేసుకున్నా, ఆదివారం వల ఆరేసే పందిరి కింద పెద్ద ముందు నిలబడాలి. పెద్ద తప్పు వేస్తాడు. ఆ తప్పు సొమ్ముతో సాయంత్రం పెద్దలు కల్లు తాగుతారు. అప్పటికి కులపెద్ద నాంచారయ్యే. పడవ మానేసినా పెత్తనం మానలేదు.

ఆ ఆదివారం పంచాయితీ ముగిశాక పేరంటాలు లేచి నిలబడింది.

"పెద్దమావా, ఈ ఊళ్ళో తప్పులన్నీ నీ గొంతులోకి పోతన్నయ్యి. ఈ ఒక్క వేసవి దారిలోకి పోనియ్యి."

జనం గొల్లుమన్నారు. నాంచారయ్య గడ్డం గోక్కున్నాడు.

"అంటే ఏంటే?"

"తప్పు డబ్బుగా వద్దు. గుల్లగా ఏయ్యి. పది తట్టలు, ఇరవై తట్టలు. ఎవరి తప్పు వాళ్ళు మోసి దారిలో పోస్తారు. తట్టకో గజం వస్తది, రెండు జానల వెడల్పున. సైకిలు చక్రానికి అంత చాలు."

"ఊళ్ళో సైకిళ్ళున్నోళ్ళు ఆరుగురు. ఆరుగురి కోసం ఊరంతా మొయ్యాలా?"

"రేవు చూసే గదా మావా, పడవలొచ్చేది."

అతను నోరు తెరిచేలోపే వెనక నుంచి అతని భార్య వెంకటసుబ్బులు అందుకుంది. "నా మెడ కూడా పట్టేసింది. గుల్లే ఏయ్యి. ఇన్నేళ్ళు ఆ కల్లు తాగి నువ్వేం బావుకున్నావు, పొట్ట తప్ప."

నాంచారయ్య భార్య వైపు చూశాడు, జనం వైపు చూశాడు.

"నలుగురిలో మొగుడి పరువు తీసినందుకు మొదటి తప్పు నీకే. పది తట్టలు. ఇంకో మాట. తప్పు బండి మీద రాకూడదు, నెత్తిన రావాల. నలుగురూ చూడాల."

ఇసక దాటగానే మొదటి పది గజాలు ఇప్పటికీ వెంకటసుబ్బులువే.

మా ఊరి తిట్ల మీద పేరంటాలుకున్న నమ్మకం వమ్ము కాలేదు. పది రోజుల్లో డెబ్భై గజాలు పడింది. తెల్లగా మెరుస్తోంది. ఊరంతా వచ్చి దాని మీద వట్టి కాళ్ళతో అటూ ఇటూ నడిచి, పరుపులా ఉందని తేల్చారు. పుట్టినప్పటి నుంచి గుల్ల మీద, ముళ్ళ మీద తిరిగిన కాళ్ళు మావి. గాజుపెంకు దిగినా సాయంత్రానికి గాని తెలియదు. ఆ కాళ్ళతో సైకిలు దారిని పరీక్ష చేశారు.

నేనూ నడిచాను. గుల్ల అంచులు కత్తుల్లా నిలబడి ఉండటం చూశాను. టైరు గతి ఏమవుతుందో నాకు తెలుసు. చెప్పలేదు. ఎందుకు చెప్పాలి? పన్నెండేళ్ళలో నన్ను ఎవరైనా ఏమైనా అడిగారా?

మర్నాడు పొద్దున్నే పేరంటాలు తమ్ముడు చిన్నయ్య వెనక చేపల తట్ట కట్టుకుని పెళ్ళికొడుకులా సైకిలెక్కాడు. ముప్పై గజాలు కూడా పోలేదు. రెండు చక్రాలూ బుస్సుమన్నాయి. చేపలు బీటల్లో పడ్డాయి. సైకిలు మోసుకుని షాపుకు వచ్చాడు. ట్యూబు తీసి నీళ్ళ తొట్టిలో ముంచితే తొమ్మిది చోట్ల బుడగలు.

"ఏంటి బావా, ఇది ట్యూబా, జల్లెడా?"

నేను నవ్వాపుకోలేకపోయాను. వెనకే వచ్చిన పేరంటాలు నవ్వలేదు. నా ముఖం వైపే చూస్తోంది.

"నీకు ముందే తెలుసా?"

గరుకు కాయితంతో ట్యూబు రుద్దుతూ ఉండిపోయాను.

"తెలిసి చెప్పలా," అని వెళ్ళిపోయింది.

ఆదివారం పందిరి కింద సొంత మొగుడి మీద ఫిర్యాదు చేసింది.

"తిట్టాడా?" అన్నాడు నాంచారయ్య.

"లేదు."

"కొట్టాడా?"

"లేదు. గుల్ల టైరుని కోస్తదని తెలుసు. తెలిసి నోరు మూసుకున్నాడు. నీళ్ళ కింద రాయి ఉందని తెలిసి చెప్పకుండా కూర్చున్నోణ్ణి పడవలో ఏం చేస్తారు మావా మీరు?"

మావాళ్ళకు అంతకన్నా పెద్ద తప్పు లేదు.

"ఇరవై తట్టలు," అన్నాడు నాంచారయ్య. నేను పోబోతుంటే పేరంటాలు అడ్డం నిలబడింది.

"పోయే ముందు చెప్పి పో. టైరుకి ఏం కావాల?"

దాని గొంతులో వెటకారం లేదు. పందిరి కింద మనుషులంతా నా నోటి వైపు చూస్తున్నారు. అలా చూసి ఎన్నాళ్ళయిందో. గొంతు సవరించుకుని చెప్పాను. గుల్ల పచ్చిగా పోయకూడదు, నలగ్గొట్టాలి. దానిలో బంకమట్టి కలపాలి. పాయ నీళ్ళు చల్లి, తడి ఆరకముందే బరువైన దుంగ దొర్లించాలి. మెత్తబడిందో లేదో మన కాలుతో కాదు, గాలి నింపిన పాత ట్యూబు ఈడ్చి చూడాలి. దానికి గీత పడితే మళ్ళీ కొట్టాలి.

"దుంగ ఎక్కడిది?" అన్నాడెవరో.

"నా పాత తెప్ప దుంగ ఉంది," అన్నాడు నాంచారయ్య. నా వైపు చూడకుండానే.

అక్కడి నుంచి ప్రతి సాయంత్రం షాపు మూసి ట్యూబు ఈడ్చుకుంటూ దారి మీద తిరిగేవాణ్ణి. పేరంటాలు వెనకే వచ్చేది. గీత పడ్డ చోట పుల్ల గుచ్చేది. చదువు లేని మనిషి, ఇంజనీర్ల కన్నా గట్టి మనిషి. ఏ గజం ఎవరు పోశారో, ఎవరు తట్ట నిండా తేకుండా మోసం చేశారో దాని నోటి మీద ఉండేది. ఒక్కరిని కసరలేదు. "అత్తా, నీ అయిదో గజం నీ అంత సన్నగా ఉందే," అనేది. ఆ అత్త నవ్వుకుంటూ పోయి ఇంకో తట్ట తెచ్చేది.

దారి రోడ్డు వైపు పాకుతోంది. ఒక్కో ముక్కకు ఒక్కో పేరు. రెండిళ్ళవాళ్ళు కోడిపెట్ట కోసం జుట్టూజుట్టూ పట్టుకుంటే వచ్చింది 'కోడిపెట్ట నలభై'. చిన్నయ్య తాగి వాగింది 'చిన్నయ్య పదిహేను'. నా పేరున కూడా నాలుగు చోట్ల ఉంది, నా నోరు నాది గదా. జ్యేష్ఠం వచ్చేసరికి ఊళ్ళో సైకిళ్ళు పద్నాలుగయ్యాయి. దిబ్బ మీద గంటల మోత వినడం అదే మొదలు.

పేరంటాలు సైకిలు నేనే కట్టాను, మూడు పాత సైకిళ్ళ ముక్కలతో. గొలుసు పెట్టలేదు, తొక్కేది కాదు గదా. తోసుకుంటూ నడిచేటప్పుడు పిక్కకు తగలకుండా పెడళ్ళు కూడా తీసేశాను. వెనక తట్ట కూర్చునేలా ఇనప చువ్వ వంచి కట్టాను. బ్రేకులు మాత్రం కొత్తవి వేశాను. గొలుసు లేని సైకిలును చూసి రోడ్డు మీద పోయేవాళ్ళు నవ్వారు. "నడిచే దానికి నడక సైకిలు," అని అది కూడా నవ్వింది. దారి పడినంత మేరా, తారు రోడ్డు మీదా చేపలు సైకిలు మీద, మధ్య మట్టిలో మాత్రం నెత్తిన. రోజురోజుకూ నెత్తి మీది దూరం తగ్గుతూ వచ్చింది.

రోడ్డు ఇంకా నూట యాభై గజాలుందనగా దారి ఆగిపోయింది.

ఎందుకంటే ఊళ్ళో తిట్టుకోవడం ఆగిపోయింది. తట్టకు భయపడి అందరూ మంచివాళ్ళయిపోయారు. కాలు తొక్కినా "పర్లేదులే అయ్యా" అనుకుంటున్నారు. రెండు ఆదివారాలు పందిరి కింద ఒక్క తప్పు లేదు. ఆ నూట యాభై గజాలే పల్లం. వాన నీళ్ళు ముందు నిలిచేది అక్కడే. అది మిగిలిపోతే మిగతా దారంతా ఉండీ లేనట్టే.

పేరంటాలు ఇంటింటికీ తిరిగింది. ఊరికే నాలుగేసి తట్టలు పొయ్యమంది. ఎవరూ రాలేదు. వాళ్ళ తప్పు కూడా లేదు. వేసవంతా గుల్ల తట్ట నెత్తిన పెట్టుకున్నవాడంటే ఊళ్ళో తప్పు చేసినవాడే. "ఏ తప్పూ చెయ్యకుండా తట్టెత్తితే, ఈడేం చేశాడా అని ఊరంతా ఆరా తీస్తది గదే," అన్నారు. పేరంటాలు పెట్టిన మెలిక పేరంటాలు మెడకే చుట్టుకుంది.

ఆషాఢం మబ్బులు పాయ మీదికి వచ్చాయి. ఒక తెల్లవారుజామున లేచి చూస్తే అది పక్కలో లేదు. దారి వెంట పోయి చూశాను. నెత్తిన సగం తట్ట గుల్లతో వస్తోంది. ఒక చెయ్యి తట్ట మీద, ఒక చెయ్యి మెడ వెనక. ముఖం బిగదీసుకుని ఉంది. నేను తట్ట దింపాను.

ఆ ఆదివారం పందిరి కింద నాంచారయ్య, "తప్పులేమీ లేవా?" అనడిగి లేవబోయాడు. నేను నిలబడ్డాను. అతన్ని తిట్టడం మొదలుపెట్టాను.

ముందు అలవాటైన తిట్లే తిట్టాను. పొట్ట మీద, బట్టతల మీద. నా ఎత్తు అర్థమై జనం ముసిముసిగా నవ్వుకున్నారు. నాంచారయ్య కూడా మీసం కింద నవ్వుతున్నాడు. ఎప్పుడు మారిందో తెలియదు, నేననుకోని మాటలు వస్తున్నాయి.

"తాడు నా కాలికి చుట్టుకున్నప్పుడు కొయ్యమని అరిచా. నీ చేతిలో కత్తి ఉంది. కోస్తే వల పోద్దని కొయ్యలా. వల దక్కింది నీకు. ఒడ్డుకొచ్చాక బరువన్నావు నన్ను. పన్నెండేళ్ళుగా ఆ బరువు నేను మోస్తన్నా. ఒక్క పూటన్నా వచ్చి ఎట్టా ఉన్నావురా అన్నావా?"

నవ్వులు ఎప్పుడో ఆగిపోయాయి. వెంకటసుబ్బులు తల దించుకుంది.

"అయిపోయిందా?" అన్నాడు నాంచారయ్య.

"అయిపోయింది."

"పెద్దని తిట్టినందుకు నూట యాభై తట్టలు," అన్నాడు. తువ్వాలు భుజాన వేసుకుని ఎవరి వైపూ చూడకుండా వెళ్ళిపోయాడు.

నా నోరు ఊరికి పనికొచ్చిన రోజు అదొక్కటే.

పొద్దున్నే పేరంటాలు తన గుడ్డచుట్ట తెచ్చి నా నెత్తిన పెట్టింది. ఇరవై ఏళ్ళు దాని నెత్తిన ఉన్న గుడ్డ, చెమటకి నల్లబడింది. ఆ చుట్ట మీద తట్ట ఎత్తింది. పది అడుగులు వేసేసరికి మెడ భుజాల్లోకి దిగిపోయినట్టయింది. వంద అడుగులకి కళ్ళ ముందు చుక్కలు. దాన్ని కట్టుకున్నాక రోజూ అది మోసుకుపోవడం చూస్తూనే ఉన్నాను. చూడటం వేరు. కుంటికాలితో ఒక్కో ముక్క దాటుతున్నాను. వెంకటసుబ్బులు పది, కోడిపెట్ట నలభై.

వెనక అడుగుల చప్పుడైంది. మెడ తిప్పబోయాను, తిరగలేదు. ఒళ్ళంతా తిప్పి చూశాను.

నాంచారయ్య. బట్టతల మీద చుట్ట కూడా లేకుండా గుల్ల తట్ట. చెమటలు కారుతున్నాయి.

"నువ్వెందుకు మావా?" అన్నాను. మావా అని పిలిచి పన్నెండేళ్ళయింది.

"నాకు తప్పు ఎయ్యడానికి ఊళ్ళో పెద్ద ఎవడున్నాడు? నేనే ఏసుకున్నా."

"ఎన్ని?"

"సగం," అన్నాడు. "నడువు. నిలబడితే బరువు ఎక్కువైద్ది."

నడిచాను. మధ్యాహ్నానికి చిన్నయ్య వచ్చాడు, ఆ వెనక కోడిపెట్ట ఇళ్ళు రెండూ. పెద్దే మోస్తుంటే తట్టకున్న సిగ్గు ఇంకెక్కడుంటుంది. నాలుగో రోజు సాయంత్రం దుంగ దొర్లించి, ట్యూబు ఈడ్చి చూశాను. గీత పడలేదు. గుల్ల అంచు తారు అంచును తాకింది. ఆ రాత్రే వాన.

రెండు రోజులు కురిసింది. మూడో రోజు పొద్దున షాపు తడికె తీసి దారి వైపు చూస్తూ కూర్చున్నాను. రెండు పక్కలా నల్లటి బురద, మధ్యలో తెల్లటి గీత. ఆ గీత మీద ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు వస్తున్నారు. ముందు పేరంటాలు, తలమీద కొంగు తప్ప ఏమీ లేదు. సైకిలు వెనక నిండు తట్ట. నా ముందు ఆగింది. ఎదురుగా ఒకడున్నాడని కూడా పట్టనట్టు వంగి చక్రం నొక్కి చూసుకుంది.

"వెనక గాలి తగ్గింది. కొట్టు," అంది.

కొట్టాను.

శ్రావణం సగంలో ఒకరోజు అది గాలి కొట్టించుకుని రోడ్డెక్కింది. యాభై గజాలు పోయాక చూశాను, హ్యాండిలు కొంచెం పక్కకి తిరిగి ఉంది. షాపులోంచే కేకేశాను.

"పేరంటాలూ, హ్యాండిలు వదులైంది, ఆగు."

"నిన్ననే బిగించుకున్నాలే, అది దాని నడకే అంత," అంది.

సైకిలు ఆగలేదు. ఒళ్ళు తిరగలేదు. భుజం మీదుగా మెడ ఒక్కటే నా వైపు తిరిగి, మళ్ళీ రేపల్లె వైపు మళ్ళింది.